ఇ-సిగరెట్టు పొగ – చర్మానికి పగ

గత సంవత్సరం వేసవి సెలవులలో దామరచర్లకు చెందిన భార్యాభర్తలు తమ కుమారుని వెంటబెట్టుకుని నా వైద్యశాలకు వచ్చారు. అబ్బాయికి 21 సంవత్సరాలు. హైదరాబాదులో ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నాడు. పెదవుల చుట్టూ అర అంగుళం మేర చర్మం ఎఱ్ఱబారి, పొట్టు రేగి ఉన్నది. నోటి మూలలు చిట్లి ఉన్నాయి. కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, మధ్యవ్రేళ్ళ లోపలి వైపు చర్మం మందమై, పగుళ్ళు పారి, దురదతో కూడి ఉన్నది. ఆరు మాసాలుగా ఇదే బాధ.

"పట్నం నీళ్ళు వీడికి పడతలేవు అయ్యగారూ. ఇంటికొస్తే పది రోజుల్లో తగ్గుతది, మళ్ళీ హాస్టల్‌కు పోతే మొదలైతది" అన్నది ఆ తల్లి. ఆమె చేయని ఉపచారం లేదు. పసుపు, నిమ్మరసం కలిపి పట్టించింది. వేపాకు ముద్ద పూసింది. పళ్ళపొడి మార్పించింది. చివరకు మందుల దుకాణంలో అడిగి ఒక ట్యూబు తెచ్చింది. పూసిన నాలుగు రోజులు తెల్లగా నిగనిగలాడి, మానగానే రెట్టింపు ఎఱ్ఱదనంతో తిరగబెట్టింది.

సిగరెట్టు అలవాటు ఉన్నదా అని అబ్బాయిని అడిగాను. లేదన్నాడు. అది అబద్ధమని ఇప్పుడు కూడా నేననను, అతని దృష్టిలో అది నిజమే. పిత్తం, రక్తం దూషితమైన విచర్చికగా భావించి, రక్తశోధనకు కషాయం, పైపూతకు ఘృతం ఇచ్చాను. మూడు వారాలలో చర్మం చక్కబడినది. నా ఔషధ ప్రభావమేనని నేను సంతోషించాను. కళాశాల తెరచిన పదిహేను రోజులకే ఆ తండ్రి మరల ఫోను చేశాడు. ఈసారి పై పెదవి వాచినది, కనురెప్పలు కూడా దురద పెడుతున్నాయి.

రోగిని చూడడంలో మొదటిసారి నేను చేసిన లోపం రెండవసారి వచ్చినప్పుడు గాని తెలియలేదు. చర్మరోగిని పరీక్షించేటప్పుడు వ్యాధి ఉన్నచోటు మాత్రమే చూడరాదు, నఖశిఖ పర్యంతం చూడవలెనని మా గురువుగారు పదేపదే చెప్పేవారు. చొక్కా తీయించి చూస్తే బొడ్డుకు కాస్త క్రిందుగా రూపాయి బిళ్ళంత నల్లని, గరుకైన మచ్చ ఉన్నది. సరిగ్గా ప్యాంటు గుండీ తగిలే చోటు. లోహం పడని చర్మానికి అది ప్రసిద్ధమైన గుర్తు. అయితే వ్రేళ్ళకు, పెదవులకు రెంటికీ తగిలే లోహపు వస్తువు ఏమై ఉంటుంది? తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోమని పంపి, ఆ ప్రశ్నే అతనిని అడిగాను. అబ్బాయి కొంతసేపు తల వంచుకుని, జేబులో నుండి పెన్‌డ్రైవు వంటి ఒక వస్తువు తీసి బల్లపై పెట్టాడు. "ఇది సిగరెట్టు కాదండీ, ఆవిరే" అన్నాడు. ఇంటి వద్ద ఉన్నన్నాళ్ళు భయంచేత దానిని ముట్టలేదట. పది రోజులలో తగ్గడానికి కారణం దామరచర్ల నీళ్ళూ కావు, నా కషాయమూ కాదు.

పల్లెటూరి ఇళ్ళలో ఈ వస్తువు సంగతి తెలియని తల్లిదండ్రులు పెక్కుమంది ఉన్నారు. అందుచేత దీనిని గురించి కొంత వివరంగా వ్రాస్తున్నాను.

ఏమిటీ ఆవిరి?

ఇ-సిగరెట్టు, వేప్ అనే పేర్లతో పిలిచే ఈ పరికరాన్ని ఇప్పటి రూపంలో 2003 ప్రాంతంలో చైనా దేశానికి చెందిన హోన్ లిక్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. సిగరెట్టు మాన్పించడానికి సాధనంగా అది ప్రచారమైనది. అనతికాలంలోనే సిగరెట్టు ఎరుగని పిల్లలకు కూడా అలవాటై కూర్చున్నది. లోపల ఒక చిన్న బ్యాటరీ, ఒక లోహపు తీగచుట్ట, దానికి ఆనుకుని ద్రవంలో తడిసిన దూది ఉంటాయి. నోట పెట్టి పీల్చగానే తీగచుట్ట కాలి, ద్రవం పొగవలె లేస్తుంది. కొన్ని పెన్ను ఆకారంలోను, కొన్ని పెన్‌డ్రైవు ఆకారంలోను ఉంటాయి. పండ్ల వాసన, పుదీనా వాసన, మిఠాయి వాసన వస్తాయి గనుక గదిలో పొగాకు కంపు ఉండదు. తల్లి ముక్కు పసిగట్టలేదు.

ఆవిరి అనే మాటలోనే మోసం ఉన్నది. అన్నం ఉడికేటప్పుడు లేచే ఆవిరి నీరు మాత్రమే. ఇది నీరు కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు ద్రవాలలో నికోటిన్, వాసన ద్రవ్యాలు కలిపి వేడి చేయగా లేచిన అతి సూక్ష్మమైన బిందువుల మబ్బు. ఆ బిందువులు ఊపిరితిత్తులకు మాత్రమే పోవు. పెదవులపై, ముక్కు క్రింద, బుగ్గలపై, కనురెప్పలపై పల్చని పొరగా దిగుతాయి. రోజుకు పది సిగరెట్లు త్రాగేవాడికైనా ఒక్కొక్కటి అయిపోగానే ఆపక తప్పదు. ఈ పరికరానికి చివర అంటూ లేదు, చదువుకుంటూ, పడుకుని, స్నానాలగదిలో, రోజంతా పీల్చవచ్చు. కావున చర్మానికి ఈ ద్రవ్యాలతో సంపర్కం ఎంతసేపో ఊహించుకోవచ్చు.

చర్మానికి పడనిది ఏది?

ప్రొపిలీన్ గ్లైకాల్ నీటిని తనలోకి లాగుకునే స్వభావం కలది. నోరు, గొంతు, పెదవులు ఎండిపోవడానికి అదే ముఖ్య కారణం. మన పరిభాషలో చెప్పాలంటే రూక్ష గుణం. ఇది విషమని కాదు, అనేక మందులలో, లేపనాలలో, తినుబండారాలలో కూడా పరిమితంగా వాడుతారు. కాని కొందరి చర్మం దీనిని సహించదు. అమెరికాలోని స్పర్శజన్య చర్మవ్యాధుల వైద్యుల సంఘం 2018వ సంవత్సరానికి ప్రత్యేకంగా గమనించవలసిన ఎలర్జీ పదార్థంగా ప్రొపిలీన్ గ్లైకాల్‌ను ప్రకటించినది. ఇందులో మరొక చిక్కు ఉన్నది. చర్మానికి పూసే పెక్కు ట్యూబులలో మందును కరిగించడానికి ఇదే వాడుతారు. పీల్చేది, పూసేది రెండూ పడనివే అయితే ఇక వ్రణం మానేదెట్లా? మన అబ్బాయి విషయంలో సరిగ్గా అదే జరిగినది.

రెండవది నికెల్ లోహం. తీగచుట్టలలో కొన్ని నికెల్, క్రోమియం కలిసిన లోహంతో చేసినవి. బయటి తొడుగు, నోటిలో పెట్టుకునే కొన కూడా కొన్నిటికి లోహమే. ఈ పరికరాన్ని పట్టుకునే చేతికి నికెల్ వల్ల దద్దుర్లు వచ్చిన రోగుల వృత్తాంతం 2015 నాటికే వైద్య పత్రికలలో వచ్చినది. వేడికి ఈ లోహాల జాడలు ఆవిరిలో కూడా కలుస్తున్నట్లు పరీక్షలలో తేలినది. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి తమ్మెలు రసి కారే ఆడపిల్లలు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు గదా. అక్కడ చెవికి జరిగినదే ఇక్కడ పెదవికి జరుగుతుంది.

మూడవది వాసన ద్రవ్యాలు. దాల్చినచెక్క వాసననిచ్చే సిన్నమాల్డిహైడు పలువురి పెదవులకు పడదు. పళ్ళపొడులలో, చూయింగ్‌గమ్ములలో ఇది ఉన్నప్పుడు కూడా నోటి చుట్టూ దద్దుర్లు రావడం వైద్యులెరిగినదే. పుదీనా సత్తు చల్లగా ఉన్నట్లు తోచినా చిట్లిన పెదవిని మండిస్తుంది.

ఇక నికోటిన్. అది రక్తనాళాలను ముడుచుకొనేట్లు చేస్తుంది, చర్మానికి రక్తప్రసారం తగ్గుతుంది, గాయాలు ఆలస్యంగా మానుతాయి. శస్త్రచికిత్సకు ముందు పొగ మానమని వైద్యులు పట్టుబట్టడానికి ఒక కారణమిదే. నికోటిన్ చర్మం గుండా కూడా లోనికి పోగలదు. పొగాకు పండే ప్రాంతాలలో, మంచుకు గాని వానకు గాని తడిసిన పచ్చి ఆకు కోసే కూలీలకు వాంతులు, తలతిరుగుడు, నీరసం రావడం తెలిసిన విషయం. ఆకులోని నికోటిన్ తడి చర్మం ద్వారా ఎక్కడమే అందుకు కారణం. పరికరంలోని ద్రవం కారి చేతికి అంటితే వెంటనే సబ్బుతో కడుగవలెను. పండ్ల వాసన చూసి పసిపిల్లలు దానిని నోట పెట్టుకునే ప్రమాదం కూడా ఉన్నది. అట్టి స్థితిలో వాంతి చేయించే ప్రయత్నం చేయక తక్షణం ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

చర్మానికి మేలు చేసే పదార్థమైతే పీల్చినా మేలే గదా అని కొందరి భ్రమ. 2019లో అమెరికాలో ఇ-సిగరెట్లు పీల్చినవారికి తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి ప్రబలినది. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలైనారు, 68 మంది మరణించారు. దానికి ముఖ్య కారణంగా తేలినది విటమిన్-ఇ ఎసిటేట్. ముఖానికి పూసే లేపనాలలో నిరపాయంగా వాడే వస్తువే అది.

మన ప్రాంతంలో ఇతర కారణాలు

ఇట్లని పెదవి ఎండిన ప్రతి కుర్రవానిని తల్లిదండ్రులు నిలదీయరాదు. మన వైపు చర్మానికి దురద తెచ్చే కారణాలకు కొదువ లేదు. మిర్యాలగూడ అంటేనే ధాన్యపు మిల్లులు. వాడపల్లి చుట్టుప్రక్కల సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. వీర్లపాలెం వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం నిర్మాణం కోసం ఎక్కడెక్కడి నుండో కార్మికులు వచ్చారు. కావున వైద్యుడు రెండు ప్రశ్నలు వేసుకోవలెను: ఎక్కడ వచ్చినది, ఎప్పుడు పెరుగుతున్నది.

వడ్ల నూగు వల్ల వచ్చే దురద మెడ, మోచేతి మడతలు, నడుము వంటి చెమట నిలిచే చోట్ల ఉంటుంది. స్నానం చేసి, పని నుండి రెండు రోజులు దూరంగా ఉంటే తగ్గుతుంది. తాపీ మేస్త్రీలకు సిమెంటు పుండ్లు ముంజేతులపై, వ్రేళ్ళ సందులలో, పిక్కలపై వస్తాయి. తడి సిమెంటులోని క్షారం చర్మాన్ని కాల్చడం ఒకటి, అందులోని క్రోమియం కొందరికి పడకపోవడం ఒకటి. తామర అయితే అంచు ఎఱ్ఱగా లేచి మధ్యలో మానుతూ వలయాకారంగా వ్యాపిస్తుంది, గజ్జలలో, నడుము దగ్గర ఎక్కువ. ఇ-సిగరెట్టు దద్దురు మాత్రం పెదవుల అంచున, నోటి మూలలలో, పరికరాన్ని పట్టుకునే చేతి మొదటి మూడు వ్రేళ్ళపై కనబడుతుంది. ఒక్కొక్కప్పుడు దానిని జేబులో పెట్టుకునే వైపు తొడపై కూడా వస్తుంది. సెలవులలో తగ్గి, స్నేహితుల మధ్యకు పోగానే పెరుగుతుంది. ఈ రెండూ కలిసినప్పుడు గాని అనుమానించరాదు.

ఆయుర్వేద దృష్టి

స్పర్శచేత కలిగే ఇట్టి వికారాలు మన శాస్త్రానికి క్రొత్తవి కావు. చర్మంలో ఉండే భ్రాజక పిత్తం ఉష్ణ, తీక్ష్ణ ద్రవ్యాలచేత ప్రకోపించి, రక్తాన్ని దూషించినప్పుడు దాహం, దద్దుర్లు, ఎఱ్ఱదనం కలుగుతాయి. రూక్ష గుణం చేత వాతం కూడా తోడైతే పగుళ్ళు, పొట్టు, దురద ముదురుతాయి. ఉష్ణ, తీక్ష్ణ, రూక్ష గుణాలు మూడూ ఈ ఆవిరిలో ఉన్నాయి. సుశ్రుతుడు దూషీవిషం అని ఒకదానిని వర్ణించాడు. అది ప్రాణం తీసేటంత బలం లేనిది, అయినా శరీరంలో నిలిచిపోయి, అనుకూలించినప్పుడు దద్దుర్లుగా, మండలాలుగా బయటపడేది. చిన్న మోతాదులో దినదినం లోనికి పోయే ఈ ద్రవ్యాలను తలచినప్పుడు నాకు ఆ అధ్యాయమే గుర్తుకు వస్తుంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. అబ్బాయి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మూలికలతో చేసిన వేప్ దొరుకుతుందండీ, నికోటిన్ ఉండదు. ఆయుర్వేదంలో కూడా ధూమపానం ఉన్నదట కదా?" ఎవరో విక్రేత చెప్పిన మాట అది. అవును, ఉన్నది. చరక సంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో ధూమపాన విధి విస్తారంగా చెప్పబడినది. ఏలకులు, చందనం, వట్టివేళ్ళు, గుగ్గులు, అగరు మొదలైనవి నూరి, రెల్లుపుల్లకు పూసి, ఎండబెట్టి, పుల్లను లాగివేసి, ఆ వర్తిని నేతిలో తడిపి వెలిగించమన్నాడు. అందులో పొగాకు లేదు. పోర్చుగీసువారి రాకకు పూర్వం ఆ మొక్క మన దేశానికి తెలియదు.

అయితే ఆ అధ్యాయాన్ని మూలికా వేప్‌కు సాక్ష్యంగా తెచ్చేవారు మిగిలిన సగం చదవరు. ధూమం చల్లబడి రావడానికి గొట్టం పొడవు ప్రాయోగిక ధూమానికి 36 అంగుళాలు ఉండవలెనన్నాడు. ఇవి మనం స్కేలుపై చూసే అంగుళాలు కావు, రోగి వ్రేలి వెడల్పుతో కొలిచేవి. పరికరంలో కాలే తీగకు, పెదవికి మధ్య దూరం ఎంతో చూడండి. ఆ ప్రాయోగిక ధూమం దినానికి రెండుసార్లకు మించరాదన్నాడు. స్నానం తరువాత, భోజనం తరువాత, తుమ్మిన తరువాత ఇత్యాదిగా ఎనిమిది కాలాలు నిర్ణయించాడు. గర్భిణులకు, దప్పికతో ఉన్నవారికి, రక్తస్రావం ఉన్నవారికి పనికిరాదన్నాడు. అకాలంలో గాని అధికంగా గాని త్రాగితే చెవుడు, గ్రుడ్డితనం, రక్తపిత్తం, శిరోభ్రమ కలుగుతాయని హెచ్చరించాడు. వాగ్భటుడు ఒక అడుగు ముందుకు వేసి, 18 సంవత్సరాలు నిండనివారికి ధూమం ఇవ్వరాదని నిషేధించాడు. ఇన్ని కట్టుబాట్ల మధ్య చేసే ఒక క్రియకు, జేబులో పెట్టుకుని తిరిగే వ్యసనానికి సాపత్యం లేదు.

చట్టం దృష్టిలో కూడా మూలికలు, నికోటిన్ అనే భేదం లేదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, అదే సంవత్సరం డిసెంబరులో పార్లమెంటు చట్టం ద్వారా మన దేశంలో ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన నిషేధించబడినాయి. నికోటిన్ ఉన్నా లేకున్నా ఈ చట్టం వర్తిస్తుంది. మొదటి నేరానికి ఒక సంవత్సరం వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. దొంగచాటుగా వచ్చే సరుకు కాబట్టి డబ్బాపై వ్రాసినదే లోపల ఉన్నదన్న భరోసా కూడా లేదు.

చికిత్స

కారణాన్ని విడిచిపెట్టడమే చికిత్సలో మొదటి మెట్టు అని సుశ్రుతుని అభిప్రాయం. పీల్చడం సాగుతుండగా ఎన్ని పూతలు పూసినా వృథా. మానివేసిన తరువాత చర్మం పూర్తిగా చక్కబడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పట్టవచ్చు.

మొదట మానవలసినవి చెబుతాను, ఎందుచేతనంటే మన ఇళ్ళలో ఉపచారమే అపకారమవుతున్నది. చిట్లిన చర్మంపై నిమ్మరసం పూయరాదు. పసుపు మంచిదే, కాని ముద్దగా పట్టించి ఎండనిస్తే పెదవి మరింత బిగుసుకుని చిట్లుతుంది. పుదీనా, లవంగం, దాల్చినచెక్క ఉన్న పళ్ళపొడులు తగ్గేదాకా వద్దు, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో పుక్కిలించి, ఘాటులేని పళ్ళపొడి వాడితే చాలును. అన్నిటికంటె ముఖ్యం, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ట్యూబులు. వీటిలో చాలావాటిలో స్టెరాయిడ్లు ఉంటాయి. ముఖంపై నెలల తరబడి పూస్తే చర్మం పలుచబడి, నోటి చుట్టూ ఎఱ్ఱని పొక్కులు వస్తాయి, మానగానే మంట రేగుతుంది. వైద్యుని చీటీ లేకుండా వీటిని అమ్మరాదని 2018లో నిబంధన కూడా వచ్చినది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా మానక, చర్మవైద్యుని సలహాతో మానవలెను.

రసి కారుతూ, మంట ఎక్కువగా ఉన్నప్పుడు త్రిఫలా కషాయంతో తడిపట్టీ వేయవచ్చును. రెండు చెంచాల త్రిఫలా చూర్ణాన్ని రెండు గ్లాసుల నీటిలో వేసి సగానికి మరగించి, పలుచని గుడ్డలో రెండుసార్లు వడగట్టి, పూర్తిగా చల్లార్చవలెను. మెత్తని నూలుగుడ్డను అందులో తడిపి, పది నిమిషాలు ఉంచి తీయవలెను. పల్లెలలో మర్రి, రావి, మేడి, జువ్వి, గంగరావి పట్టలు దొరికేవారు ఆ ఐదింటి కషాయాన్ని ఇదే విధంగా వాడుకోవచ్చును. అది పంచవల్కల కషాయం.

రసి ఆరి, పొట్టు, పగుళ్ళు మిగిలినప్పుడు శతధౌత ఘృతానికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. వంద మార్లు కడిగిన నేయి అని అర్థం. స్వచ్ఛమైన ఆవునేయి వంద గ్రాములు వెడల్పాటి రాగి పళ్ళెంలో వేసి, దానికి సమానంగా చల్లని మంచినీరు పోసి, అరచేతితో గాని రాగి చెంబు అడుగుతో గాని ఒకే వైపుగా రుద్దవలెను. నీరు, నేయి కలిసి, మరల నీరు విడివడుతుంది. ఆ నీటిని వంచివేసి మరల క్రొత్త నీరు పోయవలెను. ఇట్లు నూరు పర్యాయాలు. ఇరవై, ముప్పై కడుగుల తరువాత పసుపు రంగు పోతుంది. అరవై దాటేసరికి నేతి వాసన తగ్గి, వెన్నవలె మెత్తబడుతుంది. నూరు పూర్తయ్యేసరికి తెల్లగా, చల్లగా, చర్మంపై పెట్టగానే కరిగే లేపనం తయారవుతుంది. మా గురువుగారి ఇంట ఈ పని విద్యార్థులదే. లెక్క తప్పకుండా నూరు చింతపిక్కలు ప్రక్కన పోసుకుని, ఒక్కొక్క కడుగుకు ఒక్కొక్కటి అవతలికి జరిపేవాళ్ళం. మధ్యలో రెండు పిక్కలు ఒక్కసారిగా జరిపిన వానికి ఆ పూట మళ్ళీ ఒకటి నుండి లెక్క. ఇప్పుడు యంత్రాలతో చేసినది అంగళ్ళలో దొరుకుతున్నది. కొనేవారు సువాసన కలిపినది కాకుండా చూసి కొనండి.

ఇంట చేసుకున్నది తడి లేని గాజు సీసాలో పెట్టి, మూడు, నాలుగు వారాలలో వాడివేయవలెను. తడి ఉన్నది కావున ఎక్కువ కాలం నిలువ ఉంచరాదు. సహజమైన వస్తువైనా సరే, సున్నితమైన చర్మానికి ముందు పరీక్ష అవసరం. మోచేతి లోపలి వైపు కొద్దిగా పూసి రెండు రోజులు చూచి, దురద లేకపోతేనే ముఖానికి వాడండి. రోజుకు మూడుసార్లు, పలుచగా.

లోనికి సుగంధిపాల వేళ్ళ హిమకషాయం మంచిది. ఒక చెంచాడు నలగగొట్టిన వేళ్ళను ఒక గ్లాసు చల్లని నీటిలో రాత్రి నానవేసి, ఉదయం పిసికి వడగట్టి త్రాగవలెను. కుష్ఠహర ద్రవ్యాలలో ఖదిరం, అంటే చండ్ర, శ్రేష్ఠమని చరకుడు చెప్పాడు. విషహరాలలో శిరీషం, అంటే దిరిసెన, శ్రేష్ఠం. ఈ రెండింటితో చేసే యోగాలు ఉన్నాయి గాని అవి వైద్యుడు రోగిని చూచి ఇవ్వదగినవి. గర్భిణులు, ఇతర వ్యాధులకు మందులు వాడేవారు సుగంధిపాల కూడా వైద్యుని అడిగి వాడవలెను. పెదవి మానేదాకా ఆవకాయ, గోంగూర, ఎండుమిరపకారం తగ్గించవలెను. మన జిల్లాలో ఇది చెప్పినంత సులభం కాదని నాకు తెలుసు.

పెదవులు, నాలుక హఠాత్తుగా వాచినా, ఆయాసం వచ్చినా, జ్వరంతో పొక్కులు లేచినా, బ్యాటరీ పేలి కాలినా ఇంటి వైద్యం పనికిరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

అలవాటు మాన్పించడం

ఇక్కడ తల్లిదండ్రుల ఓర్పు మందుకంటె ముఖ్యం. అలవాటైన అహితాన్ని ఒక్కసారిగా కాక, నాలుగవ వంతు చొప్పున క్రమంగా విడువమని, విడిచిన చోట హితమైన దానిని అదే క్రమంలో నింపమని చరకుడు బోధించాడు. పొగాకు నమిలేవారికి, చుట్ట కాల్చేవారికి ఈ క్రమం నేను చేయించాను, ఫలితం చూశాను. కాని చర్మానికి పడదని తేలిన పరికరాన్ని నాలుగవ వంతు చొప్పున విడిచిపెట్టడం కుదరదు, దానిని ఆ రోజే వదలివేయవలెను. అప్పుడు నికోటిన్ లేమి వల్ల చిరాకు, నిద్రలేమి, తలనొప్పి, చదువుపై ధ్యాస నిలువకపోవడం వస్తాయి. మొదటి వారం తీవ్రంగా ఉండి, తరువాత క్రమంగా తగ్గుతాయి. ఆ దినాలలో నోటికి సోంపు, ఎండు ఉసిరి ముక్కలు, ప్రొద్దుట నడక, రాత్రి అరికాళ్ళకు నేతి మర్దన సహాయపడతాయి. కేంద్ర ప్రభుత్వం నడిపే 1800-11-2356 అనే ఉచిత టెలిఫోను నంబరుకు ఫోను చేస్తే పొగాకు మానడానికి సలహా ఇస్తారు. నికోటిన్ పట్టీలు వైద్యుడు సూచించినప్పుడు, చర్మం సున్నితమైనదని ముందే చెప్పండి. పట్టీ అతికించిన చోట కూడా కొందరికి దద్దుర్లు వస్తాయి.

మన అబ్బాయిని హైదరాబాదులో చర్మవైద్యుని వద్దకు ప్యాచ్ పరీక్షకు పంపాను. అనుమానమున్న పదార్థాలను చిన్న చిన్న బిళ్ళలుగా వీపుపై అతికించి, రెండు రోజుల తరువాత తీసి, మరల ఒకటి, రెండు రోజులకు చూసే పరీక్ష అది. నికెల్, ప్రొపిలీన్ గ్లైకాల్ రెంటికీ చర్మం ఎఱ్ఱబారినది. తండ్రికి విషయం నేను చెప్పలేదు, అబ్బాయే చెప్పుకున్నాడు. కేకలు వేస్తాడనుకున్న ఆ తండ్రి, తాను పదేళ్ళ క్రితం బీడీ మానిన సంగతి చెప్పి ఊరుకున్నాడట. నడుమ ఒకసారి స్నేహితుని పెళ్ళిలో తిరిగి పీల్చాడు, రెండు రోజులలో పెదవి చెప్పేసినది. ఆ తరువాత ఆరు మాసాలుగా ముట్టలేదు. ప్యాంటుకు ఇత్తడి గుండీ వేయించుకున్నాడు.

చివరిసారి వచ్చినప్పుడు తల్లి తన చెవులు చూపించింది. చిన్నతనంలో ఏ గిల్టు కమ్మ పెట్టినా చీము పట్టేదట, పెళ్ళిలో బంగారు కమ్మలు పెట్టేదాకా వేపపుల్లలతోనే గడిపిందట. మొదటి రోజున ఆమెను కూడా నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే మూడు వారాలు కలిసివచ్చేవి.